ఇండెంట్ ఎన్ని రోజులకోసారి?

(చిన్న సూపర్‌మార్కెట్ చైన్లు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవారు అడిగింది ఒక్కటే. షాపులకి సరుకు నింపడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పమన్నారు. మీలో కొందరికి నాలుగు షాపులున్నాయి, కొందరికి పదిహేను, ఒకరిద్దరికి ముప్పై దాటాయి. ఒక్క షాపు ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. కౌంటర్ దగ్గర కూర్చుని రాక్‌ల వైపు చూస్తే ఏది తగ్గిందో తెలిసిపోతుంది. సాయంత్రం డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది. అయిదో షాపు తెరిచాక యజమాని చూపు అన్ని రాక్‌ల మీదా ఉండదు. ఆ చూపు చేసే పనిని ఒక పద్ధతి చేయాలి.

నేను ఈ పనిలోకి ఇండెంట్, అంటే షాపుకి కావలసిన సరుకు జాబితా, చూసే గుమాస్తాగా వచ్చాను. గోదావరి జిల్లాల్లో పద్నాలుగు షాపులున్న చైన్ అది. కిరాణా సరుకు వరకూ షాపులన్నీ నెలకోసారి ఇండెంట్ పంపేవి. నేను వాటిని కూడి గోడౌన్‌కి ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది ఆవకాయల కాలం వచ్చింది. అంతకుముందు ఏడాది ఆవపిండి చాలలేదన్న సంగతి ప్రతి షాపు మేనేజర్‌కీ గుర్తుంది. అందుకని ఒక్కొక్కరూ రెండింతలు రాశారు. నేను దాని మీద ఇంకో పది శాతం వేశాను. గోడౌన్‌లో ఉన్నాయన తన వంతు తను కలిపాడు. ఆ ఏడాది కాయ ఆలస్యంగా వచ్చింది. మూడు వారాలు ఆవపిండి రాక్‌ల మీద కూర్చుని ఘాటు పోగొట్టుకుంది. తీరా కాయ వచ్చాక మా తొమ్మిది షాపుల్లో పప్పు నూనె అయిపోయింది. దాన్ని ఎవరూ ఎక్కువ రాయలేదు, ఎందుకంటే ముందు ఏడాది అది చాలింది. మిగతా అయిదు షాపుల్లో నూనె డబ్బాలు అట్టపెట్టెలు కూడా విప్పకుండా ఉన్నాయి. తర్వాతి ఇండెంట్ జూన్ ఒకటిన. ముక్కలు కోసి తడి ఆరబెట్టుకున్న ఆవిడ జూన్ ఒకటి దాకా ఆగదు కదా. పక్క షాపుకి వెళ్ళింది. నూనెతో పాటు ఉప్పూ కారం కూడా అక్కడే కొనుక్కుంది.

మేం లెక్క ఎక్కువ రాశామనీ, ఇంకొకటి తక్కువ రాశామనీ నేను చాలాకాలం అనుకున్నాను. అంటే తప్పు పరిమాణంలో ఉందనుకున్నాను. ఆ తప్పు క్యాలెండర్‌లో ఉందని అర్థం కావడానికి ఇంకో చైన్‌లో, వారానికి మూడుసార్లు బండి తిరిగే చోట పనిచేయాల్సి వచ్చింది. నెలకోసారి చూసేవాడు నెల మొత్తాన్నీ ముందే ఊహించాలి. రెండు రోజులకోసారి చూసేవాడికి రెండు రోజులు ఊహిస్తే చాలు. ఊహ అందరిదీ ఒకటే, దూరాలే వేరు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎంత ఆర్డర్ పెట్టాలని అడిగే ముందు ఎన్ని రోజులకోసారి పెడుతున్నామని అడగండి. పెట్టిన ఎన్ని రోజులకి సరుకు రాక్ మీదికి చేరుతోందని అడగండి. ఈ రెండూ కలిపితే వచ్చే రోజుల్ని నేను గంతల రోజులు అంటాను. ఇవాళ ఇండెంట్ పెట్టారు. తర్వాతి ఇండెంట్ ఏడు రోజులకి, దాని సరుకు ఇంకో రెండు రోజులకి. అంటే తొమ్మిది రోజుల పాటు బయట ఏం జరిగినా మీరు చేయగలిగింది ఏమీ లేదు. కళ్ళకు గంతలు కట్టుకున్నట్టే. ఆ తొమ్మిది రోజుల గిరాకీకీ ఇవాళే జవాబు చెప్పాలి.

బోర్డు మీద ఒక లెక్క వేస్తాను, కాగితం మీద మీరూ వేయండి. కందిపప్పు కిలో ప్యాకెట్ తీసుకుందాం. ఒక షాపులో రోజుకి సగటున 20 ప్యాకెట్లు పోతున్నాయి. రోజూ సరిగ్గా 20 పోవు, ఒకరోజు 14, ఇంకోరోజు 26. ఈ ఊగిసలాటను లెక్కల పుస్తకాల్లో క్రమ విచలనం అంటారు. ఇక్కడ అది 6 అనుకుందాం. వందసార్లు సరుకు నింపితే 95 సార్లు మధ్యలో అయిపోకుండా ఉండాలని మీ పట్టుదల. అప్పుడు అదనంగా పెట్టుకోవాల్సిన సరుకు, అంటే సేఫ్టీ స్టాక్, ఇలా వస్తుంది. 95 శాతం భరోసాకి లెక్కల పుస్తకాలిచ్చే అంకె 1.65. దాన్ని 6తో గుణించి, దాన్ని గంతల రోజుల వర్గమూలంతో గుణించాలి. తొమ్మిది రోజులకి వర్గమూలం 3. అంటే దాదాపు 30 ప్యాకెట్లు. తొమ్మిది రోజుల మామూలు అమ్మకం 180. రెండూ కలిపితే 210. ఇండెంట్ రోజున రాక్ మీద ఉన్నదీ, దారిలో ఉన్నదీ కలిపి 210కి ఎంత తక్కువైతే అంత రాస్తారు.

ఇప్పుడు అదే పప్పుని రెండు రోజులకోసారి చూద్దాం. సరుకు రావడానికి మునుపటిలాగే రెండు రోజులు. గంతల రోజులు నాలుగు, వర్గమూలం 2. సేఫ్టీ 20, మామూలు అమ్మకం 80, మొత్తం వంద. 210 ఉన్న లక్ష్యం 100కి దిగింది. షాపులో సగటున నిలవ ఉండే సరుకు చూడండి. వారం పద్ధతిలో ప్రతిసారీ 140 వస్తాయి, అందులో సగం 70, సేఫ్టీ 30, మొత్తం వంద ప్యాకెట్లు. రెండు రోజుల పద్ధతిలో 40 వస్తాయి, సగం 20, సేఫ్టీ 20, మొత్తం నలభై. రెండు చోట్లా అయిపోకుండా చూసుకునే భరోసా 95 శాతమే. అరవై ప్యాకెట్లు మిగిలాయి. ముప్పై షాపులకి 1,800 కిలోలు. కిలో 150 రూపాయలనుకుంటే ఒక్క పప్పులోనే 2,70,000 రూపాయలు రాక్‌ల మీద నుంచి మీ చేతిలోకి వచ్చినట్టు. షాపులో మూడు వేల ఐటెమ్‌లుంటే ఎంత డబ్బు ఇలా నిద్రపోతోందో మీరే ఊహించుకోండి.

(సభలోంచి ఒకరు: బండి అన్నిసార్లు తిరిగితే డీజిల్ ఎవరిస్తారండీ?)

సరైన ప్రశ్న అడిగారు. ఇది వందేళ్ళ పైబడిన ప్రశ్న. 1913లో ఫోర్డ్ హ్యారిస్ అనే అమెరికన్ ఇంజనీరు సరిగ్గా దీనికే ఒక సూత్రం రాశాడు. ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చు ఒక వైపు, సరుకు నిలవ ఉంచడానికి అయ్యే ఖర్చు ఇంకో వైపు పెట్టి, రెండూ సమానమయ్యే చోట ఆగమన్నాడు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఇవాళ్టికీ చెప్పే ఆర్డర్ సైజు సూత్రం అదే. అందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. సూత్రం చెప్పిన దానికి రెండింతలు ఆర్డర్ పెట్టినా ఆ రెండు ఖర్చుల మొత్తం పెరిగేది 25 శాతమే. సగమే పెట్టినా అంతే. కాబట్టి ఆ అంకెని చివరి ప్యాకెట్ దాకా పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీ బండి తిరిగే రోజులకి సరిపడేలా సర్దుకోవచ్చు.

డీజిల్ సంగతి. బండి పప్పు కోసం ఒక్కటే వెళ్ళదు. గోడౌన్ నుంచి భీమవరం షాపుకి బండి ఎలాగూ వెళ్తుంటే, అందులో పప్పు వాటా ఎంత? అందుకే ఐటెమ్ వారీగా రోజులు పెట్టకండి. షాపు వారీగా, దారి వారీగా పెట్టండి. ఏలూరు నుంచి తణుకు మీదుగా భీమవరం ఒక దారి అనుకుంటే, ఆ దారిలో ఉన్న షాపులన్నిటికీ మంగళ, గురు, శనివారాలు. ఆ రోజున ఏ ఐటెమ్ తగ్గిందో అది ఎక్కుతుంది. బండి సగం ఖాళీగా పోతుందనుకుంటే రెండు రోజులు చాలు. మీ ఊళ్ళ మధ్య దూరం 15 కిలోమీటర్లా 80 కిలోమీటర్లా అన్నది ఇక్కడ తేలాలి. ముప్పై షాపులూ హైదరాబాద్‌లోనే ఉన్నాయనతో నేను చెప్పే మాట, నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా పరుచుకున్నాయనతో చెప్పే మాట ఒకటి కావు.

డీజిల్ కన్నా ఖరీదైనది ఇంకొకటుంది. అది బండి మాట తప్పడం. ఇందాకటి నాలుగు రోజుల లెక్కే తీసుకోండి. రెండు రోజుల్లో రావాల్సిన సరుకు ఒక్కోసారి ఒక రోజులో, ఒక్కోసారి అయిదు రోజుల్లో వస్తోంది. ఆ ఊగిసలాట రోజున్నర అనుకుందాం. కొనేవాళ్ళ ఊగిసలాట నాలుగు రోజులకి 12 ప్యాకెట్లు. బండి ఊగిసలాట రోజున్నర ఇంటూ 20, అంటే 30 ప్యాకెట్లు. రెంటినీ కలపడానికి 12 వర్గం 144, 30 వర్గం 900, మొత్తం 1,044, దాని వర్గమూలం 32 పైన. దాన్ని 1.65తో గుణిస్తే 53. సేఫ్టీ 20 నుంచి 53కి ఎక్కింది. కొనేవాళ్ళు మారలేదు, పప్పు మారలేదు. డ్రైవర్ ఏ రోజు వస్తాడో తెలియకపోవడానికి మీరు కట్టే అపరాధ రుసుము ఆ 33 ప్యాకెట్లు. అందుకే డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడేటప్పుడు అర శాతం అదనపు మార్జిన్ కోసం పట్టుబట్టే బదులు ఫలానా రోజున తప్పకుండా దింపుతానన్న మాట కోసం పట్టుబట్టండి. వచ్చిన తేదీల్ని ఒక పుస్తకంలో రాయండి. మూడు నెలలు రాస్తే ఎవరు ఎన్నిసార్లు మాట తప్పారో ఆయన ముందే పెట్టవచ్చు.

అన్ని సరుకులకీ ఇదే పద్ధతి పనికిరాదు. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

బ్రెడ్డు, ఆకుకూరలు, పెరుగు. ఇవాళ మిగిలింది రేపటికి పనికిరాదు, లేదా పనికొచ్చేది రెండు మూడు రోజులే. దీన్ని లెక్కల్లో పేపరమ్మే కుర్రాడి సమస్య అంటారు. పొద్దున ఎన్ని కాపీలు తీసుకోవాలి? మిగిలితే చిత్తు కాగితం, తక్కువైతే పోయిన బేరం. సూత్రం చాలా చిన్నది. ఒకటి తక్కువైతే పోయే లాభాన్ని, ఆ లాభమూ ఒకటి మిగిలితే వచ్చే నష్టమూ కలిపిన మొత్తంతో భాగించండి. బ్రెడ్డు 40కి కొని 50కి అమ్ముతున్నారు, మిగిలింది కంపెనీ వెనక్కి తీసుకోదు. తక్కువైతే పోయేది 10, మిగిలితే పోయేది 40. పదిని యాభైతో భాగిస్తే 0.2. అంటే పది రోజుల్లో రెండు రోజులు మాత్రమే గిరాకీ మొత్తానికి సరిపడేంత తెచ్చుకోవాలి. మిగతా ఎనిమిది రోజులు సాయంత్రానికి రాక్ ఖాళీ కావాలి. ఈ మాట వింటే చాలామంది యజమానులకి నచ్చదు. ఖాళీ రాక్ చూడలేరు.

వాళ్ళ బాధలో న్యాయం ఉంది. బ్రెడ్డు కోసం వచ్చినామె బ్రెడ్డు లేదని వెనక్కి వెళ్తే పోయేది పది రూపాయలు కాదు, ఆమె బుట్టలో పడబోయిన మిగతా సరుకు కూడా. ఆ నష్టం సగటున ఇంకో 30 అని మీరు అంచనా వేస్తే, 40ని 80తో భాగించండి. 0.5 వచ్చింది. అంటే రోజు విడిచి రోజు సరిపడేంత. అదే కంపెనీ మిగిలినవి వెనక్కి తీసుకుంటానంటే మిగిలితే పోయేది దాదాపు సున్నా, ధైర్యంగా ఎక్కువ పెట్టుకోవచ్చు. చూశారా, ఒకే బ్రెడ్డుకి మూడు జవాబులు. అమ్మకాల చరిత్ర చూసి కంప్యూటర్ ఈ తేడా చెప్పలేదు. రిటర్న్ ఒప్పందం ఏమిటో, ఆమె పక్క షాపుకి పోతుందో లేదో మీరు చెప్పాలి.

ఇక నెలకి ఒకటో రెండో పోయేవి. ఇడ్లీ ప్లేట్లు, ప్రెషర్ కుక్కర్ రబ్బర్లు, చిన్నపిల్లల ప్రత్యేక షాంపూలు. వీటికి షాపులో ఒకటి లేదా రెండు, అంతే. అమ్ముడైతే ఇంకొకటి రావాలి. మిగతాది గోడౌన్‌లో ఉండాలి. పదహారు షాపులు తలా ఒకటి సేఫ్టీగా దాచుకుంటే పదహారు. అదే భరోసా గోడౌన్‌లో ఒకచోట పెడితే నాలుగుతో వస్తుంది, పదహారు వర్గమూలం నాలుగు కాబట్టి. ఒక షాపులో ఎక్కువ పోయిన వారం ఇంకో షాపులో తక్కువ పోతుంది, ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది, ఇక్కడే చాలామంది దెబ్బతిన్నారు. షాపుల గిరాకీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగాలి. పండగకి అలా జరగదు. సంక్రాంతి అన్ని ఊళ్ళకీ ఒకే రోజు వస్తుంది. అరిసెలకి బెల్లం అందరికీ ఒకే వారంలో కావాలి. అప్పుడు గోడౌన్‌లో దాచిన నాలుగు ఏ షాపుకీ చాలవు.

పండగ సరుకుకి పద్ధతి వేరే. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో సంక్రాంతి ముందు ధర ఎలా కదులుతుందో మీలో కొందరికి నాకన్నా బాగా తెలుసు. కొనుగోలు ముందే చేయక తప్పదు. కొన్నదంతా వెంటనే షాపులకి తోలేయడం మాత్రం తప్పు. సగం కన్నా కొంచెం ఎక్కువ పంపండి. మిగతాది గోడౌన్‌లో ఉంచి, జనవరి మొదటి వారం బిల్లులు చూసి, ఏ షాపులో బెల్లం కదులుతోందో ఆ షాపుకి తోలండి. ఒకసారి షాపుకి వెళ్ళిన బెల్లాన్ని వెనక్కి తెచ్చి ఇంకో షాపుకి చేర్చే సరికి భోగి మంట ఆరిపోతుంది. దీన్ని మా వాళ్ళు చేయి ఆపుకోవడం అనేవారు. నాకు తెలిసిన మెలకువల్లో ఎక్కువ డబ్బు మిగిల్చింది ఇదే.

పండగల గురించి ఇంకొకటి. బయటి దేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్ పోయినేడు ఇదే వారంలో ఎంత పోయిందో చూసి ఈ ఏడు అంచనా కడుతుంది. క్రిస్మస్‌కి అది సరిపోతుంది. మన క్యాలెండర్‌కి సరిపోదు. వినాయక చవితి 2022లో ఆగస్టు 31న వచ్చింది. 2023లో శ్రావణం అధికమాసం వచ్చింది, చవితి సెప్టెంబరు 18కి జరిగింది. వారం నంబరు నమ్ముకున్న కంప్యూటర్ ఆగస్టు చివర కొబ్బరికాయలు, బియ్యపు రవ్వ ఆర్డర్ పెట్టి, సెప్టెంబరు మధ్యలో చేతులు ముడుచుకుంటుంది. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఖర్జూరాలూ సేమ్యాలూ దానితో పాటే జరగాలి. కార్తీకమాసంలో కోడిగుడ్లు తగ్గి వత్తులు, నువ్వుల నూనె పెరుగుతాయి, ఆ మాసం కూడా జరుగుతూ ఉంటుంది. కాబట్టి ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం ముందు పెట్టుకుని, పోయినేటి ఏ తేదీ ఈ ఏడు ఏ తేదీకి సమానమో ఒక పట్టిక రాసి సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించండి. దీనికి ఒక మనిషికి ఒక పూట చాలు.

కంపెనీ మనిషి వచ్చి తనే రాక్ నింపిపోయే సరుకు మీ అందరికీ ఉంది. కూల్‌డ్రింకులు, చిప్స్, ఐస్‌క్రీం. అమెరికాలో 1980ల చివర్లో వాల్‌మార్ట్, డైపర్లు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేశాయి. షాపులో బిల్లయిన లెక్క తయారుచేసే కంపెనీకి నేరుగా చూపించారు, సరుకు చూసుకునే బాధ్యత కంపెనీ తీసుకుంది. ఆ కంపెనీకి పిల్లల డైపర్ల గొడవ ఒకటి ఉండేది. పసిపిల్లలు నెలనెలా దాదాపు ఒకే లెక్కన డైపర్లు వాడతారు. షాపుల అమ్మకాల్లోనూ పెద్ద ఊగిసలాట లేదు. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి, కంపెనీ తన ముడిసరుకుకి పెట్టే ఆర్డర్లు ఇంకా ఎక్కువ. ఆ కంపెనీవాళ్ళే దీనికి కొరడా దెబ్బ అని పేరు పెట్టారు. పిడి దగ్గర చేయి కొంచెం కదిలితే కొస దగ్గర పెద్ద ఊపు వస్తుంది. మా ఆవపిండి కథ అదే. షాపు రెండింతలు, నేను పది శాతం, గోడౌన్ ఇంకొంత.

ఆ కొరడాని మన దగ్గర ఊపేది నెలాఖరు స్కీములు. ఇరవై అయిదో తేదీ దాటగానే కంపెనీ సేల్స్‌మన్‌కి టార్గెట్ టెన్షన్ మొదలవుతుంది. పది కేసులకి ఒకటి ఫ్రీ అంటాడు. మీరు ముప్పై కేసులు దింపుకుంటారు. పదో తేదీ దాకా ఇంకేమీ కొనరు. ఆ మూడు ఫ్రీ కేసుల విలువని, ముప్పై కేసులు రెండు వారాలు కూర్చున్నందుకు అయ్యే వడ్డీతో, ఎక్స్‌పైరీతో, ఇంకో సరుకుకి చోటు లేకపోవడంతో పోల్చి చూడండి. కొన్నిసార్లు స్కీమే గెలుస్తుంది, అప్పుడు తీసుకోండి. లెక్క వేయకుండా మాత్రం తీసుకోకండి. సంవత్సరం మొత్తం కొనుగోలు మీద ఒకే తగ్గింపు ఇవ్వమని అడగండి. నెలాఖరు ఒత్తిడి లేకపోతే ఆయనకీ మేలే.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది. కంప్యూటర్‌లో ఉన్న స్టాక్, రాక్ మీద ఉన్న స్టాక్ ఒకటేనని. నికోల్ డిహోరేషియస్, అనంత్ రామన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థ తాలూకు 37 షాపుల్లో 3,70,000 దాకా స్టాక్ రికార్డులు చూశారు. వాటిలో 65 శాతం రాక్‌తో సరిపోలేదు. వాళ్ళ పరిశోధన 2008లో అచ్చయింది. మనం మెరుగ్గా ఉన్నామనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. నాలుగు హెయిర్ ఆయిల్ సీసాలున్నాయని కంప్యూటర్ అనుకుంటోంది. ఆర్డర్ పెట్టాల్సిన హద్దు మూడు. నిజానికి ఒకటి పగిలింది, ఒకటి పోయింది, రెండు వేరే సైజు కోడ్ మీద బిల్లయ్యాయి. రాక్ ఖాళీ. అమ్మకం సున్నా కాబట్టి నాలుగు ఎప్పటికీ మూడు కాదు. ఆర్డర్ ఎప్పటికీ వెళ్ళదు. కొన్ని వారాలయ్యాక అమ్మకం లేని ఐటెమ్ అని కంప్యూటర్ దాన్ని జాబితాలోంచే తీసేయమంటుంది. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఇక్కడ ఓడిపోతుంది. మందు మాత్రం చాలా చవక. రోజూ పోయే ఐటెమ్ మూడు రోజులు ఒక్కటి కూడా పోకపోతే, మనిషిని పంపి రాక్ చూడమనండి. ఆ ఒక్క జాబితా రోజూ పొద్దున ప్రింటయ్యేలా చేయండి.

ఇది పట్టించుకోకపోతే ఎంత దూరం పోతుందో టార్గెట్ సంస్థ కెనడాలో చూపించింది. అమెరికాలో అది ఎంతో పేరున్న చైన్. 2013లో కెనడాలో షాపులు తెరవడం మొదలుపెట్టింది. రెండేళ్ళు తిరగకుండా 133 షాపులయ్యాయి. కొత్త దేశం, కొత్త కంప్యూటర్ వ్యవస్థ, వేల ఐటెమ్‌ల వివరాలు తొందరలో ఎక్కించారు. సెంటీమీటర్లు వేయాల్సిన చోట అంగుళాలు పడ్డాయి, పెట్టెలో ఎన్ని ఉంటాయన్న లెక్క తప్పింది. గోడౌన్లు సరుకుతో పొంగిపోయాయి, షాపుల్లో రాక్‌లు ఖాళీగా ఉన్నాయి. తర్వాత అక్కడి పత్రికలు ఇంకో వివరం బయటపెట్టాయి. సరుకు లేదని రిపోర్టులో కనిపిస్తే సంబంధిత ఉద్యోగి మీదికి మాట వస్తుంది. అందుకని కొందరు ఆ ఐటెమ్‌కి ఆటోమేటిక్ ఆర్డర్‌నే ఆపేసేవారట. ఆపేస్తే అది లేని సరుకుల లెక్కలోకి రాదు. 2015 జనవరిలో మొత్తం కెనడా వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించారు. 17,600 మంది ఉద్యోగాలు పోయాయి.

ఆ ఉద్యోగుల మీద నాకు కోపం రాదు. మీ షాపు మేనేజర్ కూడా అదే చేస్తాడు, మీరు అడిగే ప్రశ్న అలాంటిదైతే. సరుకు అయిపోయినందుకు మాత్రమే తిడితే, మెట్ల కింద అట్టపెట్టెలు దాస్తాడు. సరుకు ఎక్కువైనందుకు మాత్రమే తిడితే, రాక్ ఖాళీగా ఉంచుతాడు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. కంప్యూటర్ ఇచ్చిన ఇండెంట్‌ని మార్చే హక్కు అతనికి ఇవ్వండి, కానీ ఎందుకు మార్చాడో ఒక్క మాట రాయించండి. వీధి చివర కల్యాణమండపంలో పెళ్ళి ఉందని మీ మేనేజర్‌కి తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. నెల తర్వాత చూస్తే అతని మార్పుల్లో ఏవి పనిచేశాయో కనిపిస్తుంది. కొందరి మార్పులు నూటికి ఎనభై సరిగ్గా ఉంటాయి, వాళ్ళని వదిలేయండి. కొందరివి భయంతో చేసినవి, వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

జపాన్‌లో టయోటా ఇంజనీరు తైచి ఓనో 1956లో అమెరికా వెళ్ళాడు. తన పద్ధతికి ఆదర్శమని ఆయన చెప్పుకున్నది కార్ల ఫ్యాక్టరీల్ని కాదు, అక్కడి సూపర్‌మార్కెట్లని. కొనేవాడు ఎంత తీసుకున్నాడో అంతే మళ్ళీ రాక్ మీదికి వస్తోంది, ఎవరూ ముందుగా తోసెయ్యడం లేదు. ప్రపంచం మొత్తం కాపీ కొట్టిన కార్ల తయారీ పద్ధతి మన వృత్తి నుంచి నేర్చుకున్నది. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

మొదలుపెట్టాలంటే మొత్తం చైన్ మీద పెట్టకండి. ఒకే దారిలో ఉన్న రెండు షాపులు తీసుకోండి. ఎక్కువ పోయే రెండు వందల ఐటెమ్‌లు చాలు. మొదటి వారం ఏ పద్ధతీ మార్చొద్దు, ఆ రెండు వందలూ చేత్తో లెక్కపెట్టి కంప్యూటర్ అంకెలు దిద్దండి. రెండో వారం నుంచి వాటికి మాత్రం వారంలో బండి వచ్చే రోజుల్ని రెండింతలు చేయండి, లక్ష్యం అంకెల్ని ఇందాకటి లెక్క ప్రకారం దించండి. ఎనిమిది వారాలు నడపండి. పక్కనే పాత పద్ధతిలో నడుస్తున్న రెండు షాపులతో మూడు అంకెలు పోల్చండి. ఎన్నిసార్లు సరుకు అయిపోయింది, సగటున ఎంత నిలవ ఉంది, బండి ఖర్చు ఎంత పెరిగింది. మూడో అంకె మొదటి రెంటి లాభాన్ని మింగేస్తే వెనక్కి వెళ్ళిపోండి, ఆ దారిలో మీకు వారమే సరైన గడువు. అలా తేలిన చైన్ ఒకటి నేను చూశాను, వాళ్ళు వారానికోసారి పద్ధతిలోనే ఉన్నారు, బాగానే ఉన్నారు.

నాలుగు షాపులున్నవాళ్ళు ఇందాక టీ దగ్గర అడిగారు, మాకు గోడౌన్ అవసరమా అని. మీ నాలుగు షాపులూ ఒకే ఊళ్ళో ఉంటే, డిస్ట్రిబ్యూటర్లు రోజు విడిచి రోజు వస్తుంటే, అద్దె కట్టొద్దు. ఆయన గోడౌనే మీ గోడౌన్. నెమ్మదిగా పోయే సరుకు మాత్రం ఏదో ఒక షాపు వెనక గదిలో పెట్టి, మిగతా మూడింటికీ అక్కడి నుంచి స్కూటర్ మీద పంపించుకోండి. ఆ గదికి ఒక మనిషి, ఒక తాళం, ఒక లెక్కల పుస్తకం ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ చివర కూర్చున్నాయన చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు, ముందు ఆయనకి మైక్ ఇవ్వండి.